పరిశీలనగారు

ఆయన పోయాడట. యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గొంతులో కాస్త విచారం కూడా కలిపింది పాపం, ఉద్యోగం కదా. "మీరు ఆయనకి క్లోజ్ ఫ్రెండ్ అని విన్నాం సర్. మెమోరియల్ బుక్‌లెట్ వేస్తున్నాం. ఏదైనా ఒక వార్మ్ మెమరీ, రెండు పేరాలు చాలు, రాసిస్తారా?" అంది.

ఫోన్ పెట్టేసి సుశీలకి చెప్పాను. వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. తలెత్తకుండానే, "ఎవరూ, పరిశీలనగారా? ఇన్నాళ్లూ ఉన్నాడా?" అంది. చావుకబురు ఎవరిది విన్నా "అయ్యో ప్రభువా" అనే మనిషి మా ఆవిడ. ఆ రోజు ఆ మాట అనలేదు. బెండకాయలు తరగడం కూడా ఆపలేదు.

వార్మ్ మెమరీ కోసం నేను నిజాయితీగానే వెతికాను. రెండు రోజులు వెతికాను. దొరికినవన్నీ వేరే రకానివి. అవి ఆ అమ్మాయి బుక్‌లెట్‌కి పనికిరావు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆయన చైనా దౌత్యవేత్త. డెబ్బైల చివర్లో అమెరికా, చైనా మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాక వాషింగ్టన్‌లో దిగిన తొలి జట్టులో ఒకడు. అప్పటికింకా రాయబారి కాదు. రాయబారి కింద ఉండే పెద్ద అధికారుల్లో ఒకడు. చదువులకీ పరిశోధనలకీ వచ్చిన తమ దేశస్థుల మంచిచెడ్డలు చూడటం ఆయన పని. నేనప్పుడు మేరీలాండ్‌లో ఒక యూనివర్సిటీలో వరి పురుగుల మీద పనిచేస్తున్నాను. మా తెనాలి వైపు రైతులు సుడిదోమ అని తిట్టుకునే పురుగు చైనా రైతుల్ని కూడా అంతే ఏడిపిస్తుంది. ఆ దోమ పుణ్యమా అని మా ల్యాబ్‌కి వూహాన్ నుంచి లిన్ అనే సైంటిస్ట్ వచ్చింది. లిన్ ఎలా ఉందో చూడ్డానికి ఈయన వచ్చాడు.

మొదటిసారి వచ్చినప్పుడు సెమినార్ హాల్లో మేమంతా చప్పట్లు కొట్టాం. ఆయన కూడా మాతోపాటు చప్పట్లు కొట్టాడు. తనకి చప్పట్లు కొట్టినవాళ్లకి తిరిగి కొట్టడం తమ మర్యాద అని లిన్ తర్వాత చెప్పింది. మర్యాదే కావచ్చు. కానీ మేం ఆపేశాక కూడా ఆయన ఇంకో నాలుగు ఎక్కువ వేసుకున్నాడు. ఆ నాలుగూ ఎవరికో నాకు ఇప్పటికీ అనుమానమే.

పక్కన ఎప్పుడూ ఒక సన్నటి అనువాదకుడు ఉండేవాడు. ఆయనకి ఒక్క ముక్క ఇంగ్లీషు రాదని మేమంతా నమ్మాం. ఒక ఆదివారం లిన్‌తో కలిసి మా ఇంటికి టీకి వచ్చాడు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. ఎదురుగా నిలబడి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "అంకుల్, ఆర్ యూ అ స్పై?" అని అడిగింది. అనువాదకుడు నోరు తెరిచేలోపే ఆయన పకపకా నవ్వేశాడు. వెంటనే తప్పు తెలుసుకుని మొహం సర్దుకున్నాడు. అనువాదం పూర్తయ్యేదాకా బుద్ధిగా విని, మళ్లీ మొదటినుంచి నవ్వాడు. ఒకే మాటకి రెండుసార్లు నవ్విన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ రోజే సుశీల, "ఆయనకి టీ ఇవ్వనా, కాఫీ ఇవ్వనా?" అని అడిగింది. ఆ ప్రశ్న చైనా భాషలోకి వెళ్లింది, కాసేపు అక్కడే ఉంది, తిరిగి వచ్చింది. "రెండూ మంచివే అంటున్నారు," అన్నాడు అనువాదకుడు. సుశీల రెండూ పెట్టింది. ఆయన రెండూ ముట్టుకోలేదు.

ఏది అడిగినా ఆయన జవాబు ఒకటే. పరిశీలిస్తాం. లిన్‌కి ఇంకో ఆరునెలలు గడువు పొడిగిస్తారా? పరిశీలిస్తాం. మీ శాస్త్రవేత్తలు పంపే పురుగుల నమూనాలు త్వరగా వచ్చేలా చూస్తారా? పరిశీలిస్తాం. వచ్చే నెల పిక్నిక్‌కి వస్తారా అంటే కూడా పరిశీలిస్తామన్నాడు. కాదన్న మాట ఆయన నోట నేను వినలేదు, అవునన్న మాట అంతకన్నా వినలేదు. ఆ పిక్నిక్ రోజు నుంచే మా ఇంట్లో ఆయనకి పరిశీలనగారని పేరు స్థిరపడింది. పేరు పెట్టింది సుశీల.

ఆయన సర్వీసు చిన్నదేం కాదు. ఆసియాలో రెండు దేశాలు, ఆఫ్రికాలో మూడు, యూరప్‌లో ఒకటి తిరిగి వచ్చాడు. ఒక దేశంలో ఆయన ఉండగానే సైన్యం తిరగబడి అధ్యక్షుణ్ణి కాల్చి చంపింది. ఇంకోచోట కరువొచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. నాకు లోకం సంగతులంటే ఆసక్తి. అడిగేవాణ్ణి. అధ్యక్షుణ్ణి చంపిన దేశం గురించి అడిగితే, "అక్కడ బొప్పాయి చాలా తియ్యగా ఉంటుంది," అన్నాడు. కరువు దేశంలో ఖర్జూరాలు బాగుంటాయట. యూరప్‌లో చెర్రీలు. ముప్పై ఏళ్ల దౌత్యం చేసి ఈయన మోసుకొచ్చింది ఒక పళ్లబుట్ట. దేశంలో ఏం జరిగినా పండు మీద మాట్లాడితే ఎవరికీ కోపం రాదు, పైకి రిపోర్టు వెళ్లినా ప్రమాదం లేదు. ఆ లెక్క అర్థమయ్యాక నాకు ఆయనంటే గౌరవం పోయింది.

ఒక్కసారి మాత్రం తడబడ్డాడు. అరవైల చివర్లో వాళ్ల దేశంలో చదువుకున్నవాళ్లని, అధికారుల్ని పల్లెలకి తోలేసిన రోజుల్లో ఆయన్ని కూడా పందుల పెంపకానికి పంపారని లిన్ చెప్పగా విన్నాను. "ఆ ఊళ్లో ఏం పళ్లు కాసేవి?" అని అడిగాను. వెటకారానికే అడిగాను. అనువాదకుడు ప్రశ్న చెప్పడానికి జంకాడు. చెప్పాక ఆయన తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. "అక్కడ పళ్లు లేవు," అన్నాడు చివరికి. ఆ పూట ఆయన మీద నాకు జాలి కలిగిన మాట నిజం. కానీ అంత అనుభవించిన మనిషికి ఇంకొకరి కష్టం చప్పున అర్థం కావాలి కదా. ఈయనకి అందులోంచి అర్థమైంది ఒక్కటే, ఇంకెప్పుడూ ఎక్కడా ఇరుక్కోకూడదని.

ఇక అసలు సంగతి. లిన్ భర్త, ఇద్దరు ఆడపిల్లలు వూహాన్‌లోనే ఉండిపోయారు. చిన్నపిల్లకి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. అక్కడి ఆస్పత్రులు ఒకదాన్నించి ఒకదానికి పంపించి చివరికి చేతులెత్తేశాయి. లిన్ ఈ మాట ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు మా ఇంట్లో సుశీల తన పుట్టినరోజు కేక్ కోస్తుంటే లిన్ ఉన్నట్టుండి ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది.

బాల్టిమోర్‌లో మా గుంటూరు స్నేహితుడు ప్రసాద్ గుండె సర్జన్. పిల్ల ఎక్స్‌రేలు తెప్పించి చూపించాను. "డిలే చేయకండి బ్రదర్," అన్నాడు ప్రసాద్. "ఆ హోల్ వల్ల లంగ్స్‌లోకి బ్లడ్ ఫోర్స్‌గా వెళ్లిపోతోంది. లంగ్స్ పాడైపోయాయంటే నేనే కాదు, ఎవ్వరూ ఆపరేట్ చేయలేరు. ఆరు నెలల్లో తీసుకురండి, నేను చేస్తాను. ఫీజు మాట ఎత్తొద్దు." ఆస్పత్రిని కూడా తనే ఒప్పించాడు. అమెరికా వీసాకి మా డీన్ ఉత్తరమిచ్చాడు. మిగిలింది ఒకటే. పిల్ల దేశం దాటడానికి పాస్‌పోర్ట్ ఇవ్వొచ్చని ఇక్కడి నుంచి పరిశీలనగారు ఒక్క మాట రాయాలి. ఆయన రాస్తే అక్కడ ఇస్తారు. రాయకపోతే ఇవ్వరు.

లిన్ అడిగింది. పరిశీలిస్తామన్నాడు. నేను అడిగాను. పరిశీలిస్తామన్నాడు. రెండు నెలలు గడిచాక మమ్మల్నిద్దర్నీ, లిన్‌నీ భోజనానికి పిలిచాడు. పని అయ్యేట్టుందని మేం సంబరపడిపోయాం. సుశీల పెళ్లినాటి పట్టుచీర కట్టింది.

గుండ్రటి బల్ల. ఆవిరి మీద ఉడికించిన పెద్ద చేప. ఆయన తన పుల్లలతో, అంటే అప్పటిదాకా నోట్లో పెట్టుకుని తింటున్న పుల్లలతోనే, చేప తలకాయ దగ్గర మెత్తటి ముక్క తీసి సుశీల పళ్లెంలో పెట్టాడు. అతిథికి వాళ్లు చేసే గొప్ప మర్యాద అది. మేం క్రైస్తవులం, మడీ ఆచారం లేవు. అయినా కోస్తాలో పుట్టి పెరిగినవాళ్లకి ఎంగిలి ఎంగిలే. సుశీల నాకేసి చూసింది. నేను లిన్‌కేసి చూశాను. సుశీల ఆ ముక్క తినేసింది. పళ్లెంలో మిగల్చడం తప్పని మా పెంపకం. పళ్లెం ఖాళీ అయితే పెట్టినవాడు తక్కువ పెట్టినట్టని వాళ్ల పెంపకం. దాంతో ఆయన మళ్లీ పెట్టాడు, ఈవిడ మళ్లీ తినేసింది. అలా పంది మాంసం, పుట్టగొడుగులు, ఇంకేదో జిగురుగా ఉన్నదీ అన్నీ ఆ పుల్లల మీదుగానే వచ్చాయి. ఆ పిల్ల పాస్‌పోర్ట్ కోసం మా ఆవిడ ఆ రాత్రి ఏం పెట్టినా తినేదే.

కడుపు నిండాక మనసు కూడా నిండింది కాబోలు, సుశీల ఆయనకేసి తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. "మీరేం దిగులు పడకండి సార్. పాప పేరు మా తెలుగు చర్చిలో ప్రార్థనలో పెట్టాం. ప్రతి ఆదివారం పాస్టరు గారు పాప కోసం, మీ కోసం కూడా ప్రార్థన చేస్తున్నారు. లిన్ గారు కూడా వస్తారు, మాతోపాటే కూర్చుంటారు."

మావాళ్లు ఎవరికైనా చేయగలిగిన పెద్ద ఉపకారం అదే. ఇంట్లో జబ్బు చేసినా, పరీక్షలైనా, గ్రీన్‌కార్డ్ ఆగినా ప్రార్థనలో పెడతాం. అది చెప్పడం అవతలివాడికి ధైర్యం ఇవ్వడం. లిన్ వచ్చేది ఆరాధన అయ్యాక పెట్టే పులిహోర కోసం, నలుగురి మధ్య కూర్చోవడం కోసం. దేవుడికీ ఆవిడకీ పరిచయమే లేదు.

అనువాదకుడు నోరు తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేకపోయింది. ఆయన పుల్లలు పక్కన పెట్టి, "విచ్ చర్చ్?" అన్నాడు. శుభ్రమైన ఇంగ్లీషు. మాతో నేరుగా ఆయన మాట్లాడిన మొదటి ఇంగ్లీషు మాట అదే. లిన్ మొహంలో రక్తం లేదు.

వారం తిరక్కుండా లిన్‌ని పిలిపించారు. కుటుంబ విషయాన్ని విదేశీయుల మతసభలో పెట్టడం వల్ల వ్యవహారం జటిలమైందనీ, మరింత లోతుగా పరిశీలించాలనీ చెప్పి పంపారు. ఆ మాట విని సుశీల రెండు రోజులు అన్నం తినలేదు. "ప్రార్థన చేస్తే తప్పా? చెప్పండి, పసిదాని కోసం ప్రార్థన చేస్తే తప్పా?" అని నన్ను అడుగుతూనే ఉంది. తప్పు కాదు సుశీలా. ఆ మనిషి సాకు కోసం చూస్తున్నాడు, నువ్వు కాకపోతే ఇంకెవరి నోటినుంచో అది ఆయనకి దొరికేది.

నేను ఆయన ఆఫీసుకి వెళ్లాను. మూత ఉన్న కప్పులో టీ ఇచ్చాడు. పరిస్థితి జటిలంగా ఉందని అనువాదకుడి చేత చెప్పించాడు. "జటిలం ఏమీ లేదు," అన్నాను. "పిల్ల గుండెకి చిల్లు పడింది. పూడ్చేవాడు బాల్టిమోర్‌లో సిద్ధంగా ఉన్నాడు. మధ్యలో మీరున్నారు, అంతే." అనువాదకుడు అంతా చెప్పాడో, మెత్తబరిచి చెప్పాడో తెలియదు. ఆయన నా భుజం తట్టి, మీ దేశంలో మామిడిపళ్ల కాలం ఎప్పుడని అడిగాడు. ఒక మనిషి చెంప మీద కొట్టాలని నాకు జన్మలో అనిపించింది ఆ ఒక్కసారే.

లిఫ్ట్ దాకా దిగబెట్టడానికి వచ్చిన అనువాదకుడు గోడకేసి చూస్తూ గొణిగాడు. "ఆయన్ని ఒక దేశానికి రాయబారిగా వేసే సంగతి నడుస్తోంది. అది తేలేదాకా దేని మీదా సంతకం పెట్టరు ప్రొఫెసర్. మీరు అనవసరంగా తిరక్కండి."

అదీ సంగతి. సంతకం పెడితే రేపు ఎవరైనా వేలెత్తి చూపించవచ్చు. పెట్టకపోతే ఎవరూ ఏమీ అనరు. తన మొహం మీద మచ్చ లేకుండా ఉండటానికి ఆయన ఒక పసిదాని ఊపిరితిత్తుల్ని పణంగా పెట్టాడు. ఆ పిల్లంటే ఆయనకి కక్ష ఉందా అంటే అదీ లేదు. కక్ష ఉన్నా కొంత నయం, మనిషి అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఆరు నెలలు దాటిపోయాయి. ఇంకో ఆరు నెలలకి ఆయన రాయబారి అయ్యాడు. సముద్రం మధ్యలో ఎక్కడో ఒక చిన్న ద్వీపదేశానికి. వీడ్కోలు సభలో అందరికీ చెయ్యి కలిపాడు, లిన్‌కి కూడా. ఆయన విమానం ఎక్కిన మూడు వారాలకి ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తాయన కాగితం చూసి, "ఇదింకా ఎందుకు ఆగింది?" అని సంతకం పెట్టేశాడట. ఇప్పటికీ నాకు ఒళ్లు మండేది అక్కడే. అంత తేలికైన పని అది.

పిల్ల వచ్చింది. గోళ్లు, పెదాలు నీలంగా ఉన్నాయి. మా ఇంటి ముందున్నవి నాలుగు మెట్లు, మధ్యలో కూర్చుని ఆయాసం తీర్చుకుని మిగతావి ఎక్కింది. ప్రసాద్ పరీక్షలన్నీ చేసి నన్ను పక్కకి పిలిచాడు. "లంగ్స్ గట్టిపడిపోయాయి బ్రదర్. ఇప్పుడు హోల్ క్లోజ్ చేస్తే టేబుల్ మీదే పోతుంది. లాస్ట్ ఇయర్ తెచ్చి ఉంటే..." అని ఆపేశాడు. ఎన్నో గుండెలు కోసినవాడు, కారిడార్‌లో నిలబడి ముక్కు చీదుకున్నాడు.

ఆ వేసవంతా పిల్ల మా ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి దగ్గర సైకిల్ బొమ్మలు వేయడం నేర్చుకుంది. తొక్కడం కుదరదు కదా. లిన్ గడువు ముగిశాక తల్లీపిల్లా కలిసి వెళ్లిపోయారు. రెండు చలికాలాలు గడిచాక పిల్ల పోయిందని లిన్ రాసింది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే నేను ఆయన్ని మర్చిపోయి ఉండేవాణ్ణేమో. ఎనభైల చివర్లో ఆయన మళ్లీ మా యూనివర్సిటీకి వచ్చాడు. ఈసారి పెద్ద బ్యానర్ కట్టారు, 'హిజ్ ఎక్సలెన్సీ' అని. జుట్టుకి నల్లరంగు, మంచి సూటు. పక్కన అనువాదకుడు లేడు. రాయబారి అయ్యేసరికి ఇంగ్లీషు వచ్చేసింది. లిన్ అప్పుడు మా ల్యాబ్‌లోనే ఉంది, ఏడాది ఫెలోషిప్ మీద రెండోసారి వచ్చింది. సభకి రావొద్దన్నాను. వస్తానంది. మూడో వరసలో నా పక్కన కూర్చుంది.

ద్వీపదేశంలో కొబ్బరిబోండాలు బాగుంటాయని చెప్పాడు. ఆ తర్వాత గొంతు మార్చాడు. "దేశాల మధ్య స్నేహం ఒప్పందాల్లో ఉండదు, మనుషుల్లో ఉంటుంది. నేనిక్కడ పనిచేసిన రోజుల్లో మా దేశపు పాప ఒకతె గుండెజబ్బుతో బాధపడేది. ఎన్నో ఆటంకాలు. నేను స్వయంగా పట్టుబట్టి ఆ పాపని అమెరికాకి రప్పించాను. ఇక్కడ ఒక భారతీయ వైద్యుడు ఆమెని చూశాడు. ఒక చిన్న గుండె కోసం మూడు దేశాలు చేతులు కలిపాయి."

హాలు మోగిపోయింది. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నేను లేవబోయాను. లిన్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ సన్నటి చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

తర్వాత రిసెప్షన్‌లో డీన్, ఏమీ తెలియని మనిషి, "ఎక్సలెన్సీ, మీ దేశపు సైంటిస్టే," అంటూ లిన్‌ని ఆయన ముందు నిలబెట్టాడు. ఆయన గుర్తుపట్టాడు. నేను పక్కనే ఉన్నాను, కళ్లలో చూశాను, గుర్తుపట్టాడు. రెప్పపాటు ఆగి, ఆవిడ కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "మీ అమ్మాయి బాగుందా?" అన్నాడు. మొహం మాత్రం ఫొటోగ్రాఫర్ వైపు తిప్పి ఉంచాడు.

"అంతా మీ దయ, అంబాసడర్," అంది లిన్. కెమెరాకేసి నవ్వింది కూడా.

కార్‌లో కూర్చున్నాక లిన్ ఆ కుడిచెయ్యి దేనికీ తగలనివ్వకుండా ఒళ్లో దూరంగా పెట్టుకుని, ఎడమచేత్తో సీట్‌బెల్ట్ పెట్టుకోవడానికి అవస్థపడింది. నేను వంగి పెట్టాను. నాకు కోపం ఆగలేదు. "ఎందుకలా అన్నారు? పాప చచ్చిపోయింది, నువ్వే చంపావని అందరి ముందూ ఆయన మొహాన అనాల్సింది. మిమ్మల్ని ఆయన ఇక్కడేం చేయగలడు?" అన్నాను.

లిన్ అద్దంలోంచి బయటికి చూసింది.

"వచ్చే నెల ఆయన బీజింగ్ వెళ్లిపోతున్నాడు ప్రొఫెసర్. విదేశాలకి చదువులకి పోయేవాళ్ల కాగితాలు ఇకనుంచి ఆయనే చూస్తాడు," అంది. "మా పెద్దమ్మాయి పాస్‌పోర్ట్‌కి అప్లై చేసింది."